మొదటి కెమెరా కొనాలి, పాపని తియ్యాలి, మూడు నెలలుగా స్పెసిఫికేషన్లు చదివి బుర్ర పాడైంది

కొత్త బిచ్చగాడు

అందరికీ నమస్తే. పేరు చూసే అర్థమై ఉంటుంది, పొద్దెరగకుండా అడుగుతున్నా, తిట్టుకోకండి. ఇప్పటిదాకా అన్నీ ఫోన్‌తోనే తీశా. లెన్స్ మార్చుకునే కెమెరా ఒకటి కొందామని మూడు నెలల నుంచి చూస్తున్నా, చూడటమే తప్ప కొన్నది లేదు. మొదట డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం) అనుకున్నా, వాటి పని అయిపోయింది అద్దం లేని మిర్రర్‌లెస్ తీస్కో అన్నారు ఒకరు, సరే అని మిర్రర్‌లెస్ చూస్తుంటే ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ మీద డబ్బులు తగలేయకు ఎలాగూ తర్వాత పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తావు ఇప్పుడే వెళ్ళిపో అని ఇంకొకరు, ఫుల్ ఫ్రేమ్ లెన్స్‌ల రేట్లు చూశాక మళ్ళీ మొదటికొచ్చా.

నేను తీసేది చెప్తా. నూటికి డెబ్బై మా పాప. రెండేళ్ళది, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నేను పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి తీసేదంతా ఇంట్లో ట్యూబ్‌లైట్ కిందే. ఫోన్‌లో తీస్తే మొహం ఎలాగో వస్తుంది, చేతులు మాత్రం పొగలాగా వస్తాయి, మొహం కూడా దగ్గరికి లాగి చూస్తే రంగులేసి నున్నగా రుద్దినట్టు ఉంటుంది. మిగతాది కిటికీ పక్కన చెట్టు మీదకొచ్చే పిట్టలు, ఎక్కడికైనా వెళ్తే కాస్త సీనరీ. వీడియో పెద్దగా తియ్యను.

ప్రస్తుతం లిస్టులో ఉన్నవి: నికాన్ డీ3500 సెకండ్ హ్యాండ్, కెనాన్ ఆర్50, సోనీ ఏ6400, నికాన్ జెడ్50. ఇంకో సంగతి, మా బావ దగ్గర పాత కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు రెండున్నాయి, ఒకటి 50 ఎంఎం ఎఫ్ 1.8, ఇంకోటి 75-300. ఆయన కెమెరా పోయి చాలా కాలమైంది, లెన్స్‌లు ఊరికే పడున్నాయి తీస్కోరా అన్నాడు. అవి ఇప్పటి కెమెరాలకి పడతాయా? వాటి కోసం కెనాన్‌కే వెళ్ళాలా? రెండు జూమ్ లెన్స్‌లు, బ్యాగు, ట్రైపాడ్, ఫిల్టర్లు అన్నీ కలిపి సెట్టుగా ఇస్తున్నారు కదా, అది లాభమేనా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి, ఇంట్లో వాళ్ళు కూడా నవ్వుతున్నారు.

పాత షట్టర్

మీరు కెమెరా గురించి మూడు నెలలు చదివారు, కానీ మీ పోస్టులో అసలు పాయింటు ఒక్క వాక్యంలోనే ఉంది: చేతులు పొగలాగా వస్తున్నాయి. దాని సంగతి ముందు చూద్దాం, బాడీ తర్వాత.

పరిగెత్తే పిల్లని కదలిక లేకుండా ఆపాలంటే షట్టర్ స్పీడ్, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయం, కనీసం 1/250 సెకను ఉండాలి, గెంతుతుంటే 1/500. చీకట్లో ఫోన్ తనంతట తాను అంతకంటే చాలా నెమ్మదిగా తీస్తుంది, అందుకే పొగ. ఇప్పుడు మీరు ఏ కొత్త కెమెరా కొన్నా దాంతో వచ్చే కిట్ లెన్స్‌ని కాస్త జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గరో 6.3 దగ్గరో ఆగుతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఎఫ్ 5.6, 1/250 పెడితే ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా పెంచుకునే అంకె, పెరిగేకొద్దీ ఫోటో చెడుతుంది) 12800 దాకా పోతుందనుకోండి, అదే గదిలో అదే షట్టర్ స్పీడ్‌కి ఎఫ్ 1.8 లెన్స్ పెడితే 1250, 1600 చాలు. ఎందుకంటే ఎఫ్ 1.8 లోంచి వచ్చే వెలుతురు 5.6 లోంచి వచ్చేదానికి దాదాపు పది రెట్లు. మీ పాప ఫోటో నున్నగా రుద్దినట్టు రాకుండా ఉండటానికి ఆ పది రెట్లే కావాలి మీకు.

ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ సంగతి. దాని సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సుమారు 23.5 బై 15.6, కెనాన్‌ది ఇంకాస్త చిన్నది. వైశాల్యం లెక్కేస్తే తేడా సుమారు రెండున్నర రెట్లే. అంటే ఫుల్ ఫ్రేమ్ కొని దానికి ఎఫ్ 5.6 జూమ్ తగిలించిన వాడి కంటే, చిన్న సెన్సర్ మీద ఎఫ్ 1.8 పెట్టుకున్న వాడు మీ ఇంట్లో సాయంత్రం పూట సుఖంగా తీస్తాడు. ఎలాగూ తర్వాత వెళ్తావు ఇప్పుడే వెళ్ళిపో అనే వాళ్ళు ఈ లెక్క చెప్పరు.

ఇంకొకటి, స్టెబిలైజేషన్ ఉంది కదా చీకట్లో పర్లేదు అంటారు. అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది, మీ పాపని ఆపదు. కంపెనీని బట్టి దాన్ని వీఆర్ అన్నా ఐఎస్ అన్నా ఓఎస్ఎస్ అన్నా అంతే.

నా సొంత గోల చెప్తా. నేను మొదటిసారి కొన్నప్పుడు మీరు చెప్పిన సెట్టే కొన్నా, రెండు జూమ్‌లు, బ్యాగు, అన్నీ. ఏడాదిన్నర పాటు ఇంట్లో తీసిన ప్రతి ఫోటో బురదలాగా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, నాది నేర్చుకోకపోవడమే లోపం అనుకుని ఎక్స్‌పోజర్ గురించి పుస్తకాలు చదివా, వీడియోలు చూశా. తర్వాత ఒక ఫ్రెండ్ తన 35 ఎంఎం ఎఫ్ 1.8 రెండు రోజులు ఇచ్చాడు. అదే కెమెరా, అదే గది, అదే నేను. అప్పుడు అర్థమైంది మద్దెల నిజంగానే ఓడు అని. ఆ ట్రైపాడ్ ఇప్పటికీ బట్టలు ఆరేసుకోడానికి పనికొస్తోంది, అబద్ధం కాదు.

కాబట్టి ఏ బాడీ అయినా సరే, దానికి ఒక ఎఫ్ 1.8 లెన్స్ మీ బడ్జెట్‌లో పడుతుందా అని చూడండి. పడకపోతే బాడీ ఒక మెట్టు దించండి, లెన్స్ దించకండి.

లెన్స్ 35 ఎంఎం ఆ 50 ఆ (అంకె పెద్దదైతే అంత దగ్గరగా లాగి చూపిస్తుంది) అంటే కొనకముందే మీ ఫోన్‌తో తేల్చుకోవచ్చు. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా 24 నుంచి 26 ఎంఎం మధ్య ఉంటుంది. దాన్ని 2ఎక్స్ పెడితే ఏపీఎస్-సీ మీద 35 ఎంఎం లెన్స్ ఎంత చూపిస్తుందో సుమారుగా అంత, 3ఎక్స్ పెడితే 50 ఎంఎం. సాయంత్రం పాప ఆడుతున్నప్పుడు 3ఎక్స్‌లోనే ఉంచి ఒక అరగంట తియ్యండి, జూమ్ ముట్టుకోకూడదు. చిన్న గది అయితే వెనక్కి వెనక్కి వెళ్ళి వీపు గోడకి ఆనుతుంది, అయినా పాప నడుము దాకానే వస్తుంది. ఆ ఇబ్బంది మీకు ఎంతుందో చూసుకుని చెప్పండి.

నల్ల పరదా

పై అన్న లెన్స్ గురించి చెప్పింది నూటికి నూరు కరెక్ట్, నేను మౌంట్ గురించి, అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు గురించి చెప్తా, ఎందుకంటే బాడీ అయిదారేళ్ళకి మారుస్తావు బ్రో, లెన్స్‌లు మాత్రం నీతోనే ఉంటాయి, అవి ఏ మౌంట్‌వో ఆ కంపెనీకి నువ్వు కట్టుబడి పోయినట్టే.

ఒక ఉదాహరణ. కెనాన్ 2012లో ఈఎఫ్-ఎం అని ఒక మిర్రర్‌లెస్ మౌంట్ తెచ్చింది, ఎం50 లాంటివి బాగా అమ్ముడయ్యాయి, 2018లో ఆర్ఎఫ్ అని వేరే మౌంట్ తెచ్చారు, 2023 నాటికి ఈఎఫ్-ఎం ఆగిపోయింది. ఆ లెన్స్‌లు ఆర్ఎఫ్ బాడీకి అడాప్టర్ పెట్టి కూడా పనికిరావు. దాని వెనక చిన్న లెక్క ఉంది. మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం ఈఎఫ్-ఎంలో 18 ఎంఎం, ఆర్ఎఫ్‌లో 20. లెన్స్ సెన్సర్‌కి 18 దగ్గర ఉండాలి, కానీ బాడీనే 20 దగ్గర మొదలవుతుంది, ఇంక అడాప్టర్ ఎక్కడ దూరుతుంది. నీ బావ లెన్స్‌లు దీనికి పూర్తి రివర్స్. ఈఎఫ్ 1987 నాటి మౌంట్, దాని దూరం 44 ఎంఎం, 44లోంచి 20 తీసేస్తే 24 ఎంఎం ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలో అడాప్టర్ హాయిగా కూర్చుంటుంది. లోపల అద్దాలేం ఉండవు, ఉత్త గొట్టం, కాంటాక్టులు మాత్రం ఇటు నుంచి అటు వెళ్తాయి. కాబట్టి ఆర్50 మీద ఆ రెండు లెన్స్‌లూ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, పాప కన్ను పట్టుకునే ఫోకస్ కూడా పనిచేస్తుంది. పాత 50 అయితే మోటార్ జుర్రుమని శబ్దం చేస్తుంది, కొంచెం తడబడుతుంది, దానికి మాత్రం రెడీగా ఉండు.

75-300 మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. 300 దగ్గర ఫోటో స్పష్టత తగ్గి మెత్తగా వస్తుంది, చాలా వెర్షన్లలో స్టెబిలైజేషన్ లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. కెనాన్ చిన్న సెన్సర్ వల్ల 1.6 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది (క్రాప్ అంటారు), కాబట్టి అది 480 ఎంఎం లెన్స్ లాగా చూపిస్తుంది, అంటే చేత్తో పట్టుకుని 1/500 కంటే తక్కువలో తీస్తే పిట్ట సంగతి దేవుడెరుగు కొమ్మ కూడా వణుకుతుంది. పగటి వెలుతురులో నేర్చుకోడానికి చాలు, ఊరికే వచ్చింది కదా.

మిగతావి చెడ్డవని కాదు. సోనీ ఈ మౌంట్ 2010 నుంచి ఉంది, బయటి కంపెనీల లెన్స్‌లు, సిగ్మా, టామ్రాన్ లాంటివి, దానికి ఉన్నన్ని ఇంక దేనికీ లేవు, సెకండ్ హ్యాండ్ కూడా ఎక్కువ దొరుకుతాయి. నీకు బావ లెన్స్‌లు లేకపోతే నేను ఏ6400 అనే వాణ్ణి. కెనాన్ చాలా రోజులు ఆర్ఎఫ్ ఆటోఫోకస్ లెన్స్‌లు బయటి వాళ్ళని చెయ్యనివ్వలేదు, 2024 నుంచి ఏపీఎస్-సీ వరకు సిగ్మా, టామ్రాన్ వస్తున్నాయి. నికాన్ జెడ్‌కి సిగ్మా 16, 30, 56 ఎఫ్ 1.4లు 2023లోనే వచ్చాయి. అన్నట్టు జెడ్50 చేతిలో పట్టు చాలా బాగుంటుంది, ఈ నాలుగింట్లో నా చేతికి అదే నచ్చింది, కానీ నా చెయ్యి పెద్దది.

అద్దం పిచ్చోడు

అందరూ మిర్రర్‌లెస్ మిర్రర్‌లెస్ అంటున్నారు, డీ3500 పాపం ఏం చేసింది తమ్ముడూ? బ్యాటరీ ఒక్క చార్జికి 1550 ఫోటోలు అని లెక్క, నీ లిస్టులో మిర్రర్‌లెస్‌లన్నీ మూడొందలు నాలుగొందల దగ్గర ఆగిపోతాయి. సెన్సర్ 24 మెగాపిక్సెల్, అంటే 6000 బై 4000, గోడకి తగిలించేంత పెద్ద ప్రింటు వేసుకోవచ్చు. వ్యూఫైండర్‌లోంచి చూస్తే నిజం పాప కనిపిస్తుంది, టీవీలో పాప కాదు.

సరే, నిజాయితీగా లోపాలు కూడా చెప్తా. ఒకటి, డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి లెన్స్‌లోనే మోటార్ ఉందని దాని మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉండాలి, మోటార్ లేని పాత ఏఎఫ్-డీ కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. రెండు, స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ నత్తనడక. మూడు, 2020 తర్వాత నికాన్ నుంచి గానీ కెనాన్ నుంచి గానీ ఒక్క కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు, ఉన్నవాటితోనే సంసారం. నాలుగు, నీ బావ లెన్స్‌లు దీనికి పట్టవు, ఈ ఒక్క దాంతో నా వాదన ఓడిపోయినట్టే అనుకో.

అయినా నువ్వు సెకండ్ హ్యాండ్ ఏది కొన్నా, బావ లెన్స్‌లు తెచ్చుకున్నా, చూడాల్సినవి చెప్తా, ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న చదువు. ఒకాయన దగ్గర లెన్స్ కొన్నా, పగలు, ఎండలో, అద్దం మీద ఒక్క గీత లేదు, తళతళలాడుతోంది, బేరం కూడా ఆడకుండా తెచ్చుకున్నా. రాత్రి కరెంటు పోయి ఫోన్ టార్చ్ వేసి ఏదో వెతుకుతుంటే ఆ వెలుతురు లెన్స్‌లోంచి పడింది. లోపల రెండో అద్దం అంచు నుంచి మధ్యకి సాలెగూడు లాగా సన్నటి తెల్లటి పోగులు, కొమ్మలు కొమ్మలుగా. ఫంగస్. ఎదురుగా వెలుతురు ఉంటే అది కనపడదు, వెనక నుంచి ఏటవాలుగా టార్చ్ కొట్టాలి.

ఎలాగంటే, రెండు వైపులా మూతలు తీసెయ్, లెన్స్‌ని కంటికి ఒక జానెడు దూరంలో పట్టుకో, టార్చ్ అవతలి వైపు పెట్టి నేరుగా కాకుండా పక్క నుంచి లోపలికి కొట్టు, లెన్స్‌ని మెల్లగా తిప్పు. నాలుగు దుమ్ము రేణువులు అన్నిట్లో ఉంటాయి, వాటికి భయపడకు. పోగులు, పొగమంచు, చిన్న చిన్న నీటి బొట్ల మరక లాంటివి కనపడితే వదిలెయ్. నికాన్ జీ రకం లెన్స్‌లైతే కెమెరా నుంచి తియ్యగానే ఎపర్చర్ రేకులు (వెలుతురు వచ్చే కంతని చిన్నదీ పెద్దదీ చేసేవి) మూసుకుని ఉంటాయి, వెనక చిన్న లీవర్ ఉంటుంది, వేలితో జరిపితే తెరుచుకుంటాయి, వదలగానే టక్కుమని మూసుకోవాలి. మెల్లగా బద్ధకంగా మూసుకుంటే రేకులకి నూనె పట్టిందని. కెనాన్ ఈఎఫ్‌లు తీసినా తెరిచే ఉంటాయి కాబట్టి చూడటం సులువు.

బాడీ అయితే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో అడుగు, డీ3500 లాంటి వాటికి లక్ష అని రేటింగ్, లక్ష దాటగానే చచ్చిపోతుందని కాదు, కానీ ఎనభై వేలు తిరిగిన దాన్ని కొత్తదాని రేటుకి దగ్గరగా కొనకు. తర్వాత ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని కావాలనే ఫోకస్ తప్పించి ఒకటి తియ్యి, అందులో నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము, అది తుడిస్తే పోతుంది, గీత ఉంటే పోదు. మూత పెట్టేసి ఒకటి కొన్ని సెకన్లు ఎక్స్‌పోజర్ ఇచ్చి తియ్యి, వెలిగే చుక్కలు, అంటే సెన్సర్‌లో పాడైన పిక్సెల్స్, ఎన్నున్నాయో తెలుస్తుంది. చార్జర్ ఒరిజినలేనా చూడు.

మాట తక్కువ

సెట్టు కొనకండి. అందులో ట్రైపాడ్ ఊగుతుంది, ఫిల్టర్ వల్ల లైట్లు ఫోటోలో రెండు రెండు కనిపిస్తాయి, రెండో జూమ్ అల్మారాలో ఉంటుంది. ఆ డబ్బుతో రెండో బ్యాటరీ, మంచి 64 జీబీ కార్డులు రెండు. 128 ఒకటి కంటే 64లు రెండు మేలు, ఒకటి పాడైనా సగం మిగులుతుంది.

చేత్తో పట్టుకోకుండా ఏదీ కొనకండి. చిటికెన వేలు గ్రిప్ కింద గాల్లో వేలాడుతుంటే గంట తర్వాత మణికట్టు నొప్పి.

కొత్త బిచ్చగాడు

అన్నలకి ధన్యవాదాలు, మూడు నెలల్లో అర్థం కానిది ఇక్కడ ఒక్క రోజులో అర్థమైంది. చెప్పినవన్నీ చేశా, రిపోర్ట్ ఇస్తున్నా.

ఫోన్‌ని 3ఎక్స్‌లో పెట్టి రెండు సాయంత్రాలు తీశా. షట్టర్ అన్న చెప్పినట్టే వీపు గోడకి ఆనింది. కానీ నాకు నచ్చింది ఏంటంటే దూరంగా ఉంటే పాప నన్ను పట్టించుకోవట్లేదు, దాని ఆటలో అది ఉంటోంది, 2ఎక్స్ పెట్టి దగ్గరికెళ్తే ఫోన్ లాక్కోడానికి వస్తోంది. కాబట్టి 50తో బతకగలను అనిపిస్తోంది.

బావ లెన్స్‌లు తెచ్చా. టార్చ్ పట్టుకుని చీకట్లో కూర్చుంటే ఇంట్లో వాళ్ళు నన్ను వింతగా చూశారు. 50లో దుమ్ము తప్ప ఏం లేదు. 75-300లో మాత్రం పిచ్చోడన్న చెప్పిన సాలెగూడు అచ్చంగా కనపడింది, ముందు అద్దం వెనకాల, ఒక గోరంత. బావకి చెప్తే అది ఎప్పుడూ బ్యాగులోనే ఉంది కదా ఎలా వస్తుంది అంటున్నాడు.

నాలుగు కెమెరాలూ పట్టుకుని చూశా. జెడ్50 చేతికి నిజంగానే కూర్చుంది. ఆర్50 చిన్నదే కానీ చిటికెన వేలు కొంచెమే బయటికొస్తోంది. ఇప్పుడు ఆఖరి డౌటు, ఆర్50 ఉత్త బాడీ కొని అడాప్టర్, బావ 50తో సరిపెట్టుకోనా, లేక కిట్ లెన్స్‌తో తీసుకోనా? కిట్ లెన్స్ చీకట్లో దండగ అన్నారు కదా.

పాత షట్టర్

చీకట్లో అన్నా, దండగ అనలేదు. కిట్‌తో తీసుకోండి. ఆర్50తో వచ్చేది 18-45, పగలు బయటికెళ్ళినప్పుడు, నలుగురు కలిసి నిలబడినప్పుడు, గది మొత్తం రావాలన్నప్పుడు 50తో ఏం చేస్తారు, గోడ పగలగొట్టుకుని వెనక్కి వెళ్తారా. పైగా అది బరువే లేదు. రెండు మూడు నెలలు వాడాక మీ ఫోటోల వివరాల్లో ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువ వాడారో చూసుకోండి, తర్వాత కొనే లెన్స్ ఏదో దాన్ని బట్టి తెలుస్తుంది, నన్ను కూడా అడగక్కర్లేదు.

బావగారికి చెప్పండి, బ్యాగులోనే ఉంది కాబట్టే వచ్చింది. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం, ఫంగస్‌కి ఇంకేం కావాలి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి, తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్ పెడితే ఇంకా మంచిది, తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండగట్టెయ్యకూడదు. వాడుతూ ఉంటే ఈ గొడవ తక్కువ. ఆ 75-300ని మాత్రం మీ 50 పక్కన పెట్టకండి.

నల్ల పరదా

నేనూ కిట్‌తోనే అంటా. ఒక మాట ముందే చెప్తున్నా బ్రో, ఆర్50లో ఫాస్ట్‌గా సెకనుకి 15 ఫ్రేములు వస్తాయి అని చూసి ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టేస్తావు, ట్యూబ్‌లైట్ కింద అడ్డంగా చారలు పడతాయి, పాప చెయ్యి ఊపితే వంకరగా వస్తుంది. ఇంట్లో షట్టర్‌ని ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ అనే మోడ్‌లోనే ఉంచు, 12 వస్తాయి, అవి కూడా ఎక్కువే, రాత్రి కూర్చుని ఏరుకోలేక చస్తావు. రా ఫైల్స్ (కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చే ముడి ఫైల్స్) కూడా ఆన్ చేసుకో, ఇప్పుడు అర్థం కాకపోయినా ట్యూబ్‌లైట్ రంగు తర్వాత సరిచేసుకోవచ్చు, దానికి డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుతుంది.

అద్దం పిచ్చోడు

డీ3500 కొనలేదని బాధగానే ఉంది, కానీ టార్చ్ కొట్టి చూశావు చూడు, అక్కడ నా మనసు చల్లబడింది తమ్ముడూ.

కొత్త బిచ్చగాడు

కొనేశా!! ఆర్50, కిట్ లెన్స్, అడాప్టర్, ఇంకో కార్డు. రెండో బ్యాటరీ తర్వాత చూద్దాంలే అని ఆగా.

నిన్న సాయంత్రం మొదటిసారి 50 తగిలించి తీశా. ఎఫ్ 1.8, 1/320, ఐఎస్ఓ 1600. చేతులు పొగ లేవు, వేళ్ళు లెక్కపెట్టొచ్చు, మా ఇంటావిడ ఫోన్ పక్కన పెట్టేసి చూసింది. కానీ ఒక సమస్య. పాప దగ్గరికొచ్చినప్పుడు తీసినవి అన్నిట్లో ముక్కు చక్కగా ఉంది, కళ్ళు మసక. ఒకదాన్లో ముందు జుట్టు తప్ప ఏం ఫోకస్‌లో లేదు. లెన్స్ పాడైందా? లేక అడాప్టర్ వల్లా?

పాత షట్టర్

రెండూ కాదు, ఎఫ్ 1.8 అంటే అంతే. 50 ఎంఎంని ఎఫ్ 1.8లో పెట్టి మీటరు దూరంలో మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కు మీద ఫోకస్ పడితే కన్ను ఆ మూడు సెంటీమీటర్లలో ఎక్కడుంటుంది చెప్పండి. అదే రెండు మీటర్ల దూరం వెళ్ళారనుకోండి, లోతు నాలుగు రెట్లవుతుంది, పది సెంటీమీటర్ల పైన, పాప మొహం మొత్తం పడుతుంది.

మూడు మార్చండి. ఏఎఫ్‌ని, అంటే ఆటోఫోకస్‌ని, కదిలేదాన్ని వెంటాడే సర్వో మోడ్‌లో పెట్టండి, వన్ షాట్‌లో ఉంటే ఒకసారి పట్టుకుని ఆగిపోతుంది, ఈలోపు పాప ముందుకొచ్చేస్తుంది. కన్ను పట్టుకునే ఐ డిటెక్షన్ ఆన్ ఉందో లేదో చూడండి. ఎఫ్ 2.8కి దిగండి, ఐఎస్ఓ 4000 దాకా వెళ్తుంది, ఆ కెమెరాకి అది పెద్ద విషయం కాదు. కన్ను మసకగా ఉన్న ఫోటోని ఏం చేసినా బాగుచెయ్యలేరు, కాస్త గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) ఉన్న ఫోటోని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కొత్త బిచ్చగాడు

సర్వో పెట్టా, ఐ డిటెక్షన్ ఆఫ్‌లో ఉంది ఆన్ చేశా, ఎఫ్ 2.8 పెట్టా. రెండు మీటర్లు వెనక్కి వెళ్దామంటే నేను ఒక అడుగు వెనక్కి వేస్తే అది రెండడుగులు ముందుకేస్తోంది, నా వీపు మళ్ళీ గోడకే. అయినా పదకొండు ఫోటోలు వచ్చాయి, రెండు కళ్ళూ, రెప్పలతో సహా. ఒకదాన్లో కంట్లో ట్యూబ్‌లైట్ కూడా కనపడుతోంది, దాని పక్కన కెమెరా పట్టుకుని నేను.

పన్నెండోది బాగా వచ్చేదేమో, సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోయింది.

మాట తక్కువ

రెండో బ్యాటరీ అన్నా.